మీ పేరు మూలకాల గుర్తులతో రాయడానికి కుదురుతుందా? పరకాల నుంచి ఒక ప్రశ్న

పరకాల_సారు · ఫిబ్రవరి 8, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఈ నెల 28న జాతీయ విజ్ఞాన దినోత్సవానికి మా ఉన్నత పాఠశాలలో ఒక ప్రదర్శన పెడుతున్నాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమ పేరును మూలకాల గుర్తులతో రాసి బ్యాడ్జిగా పెట్టుకోవాలని ఆలోచన. గుర్తులు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి కాబట్టి పేరును కూడా ఇంగ్లీషు స్పెల్లింగులోనే తీసుకుంటున్నాం. ఇక్కడ మాత్రం మూలకాల పేర్లు వరసగా రాస్తాను, గుర్తులు మీరే తగిలించుకొని చదవండి.

రవి: రేడియం, వనేడియం, అయోడిన్.
కల్పన: పొటాషియం, అల్యూమినియం, ప్రొటాక్టీనియం, సోడియం.
కృష్ణ: క్రిప్టాన్, అయోడిన్, గంధకం, హైడ్రోజన్, సోడియం.

ఈ మూడూ బోర్డు మీద రాయగానే తరగతి అంతా లేచి నిలబడింది. ఆ తర్వాత వచ్చింది చిక్కు. కవిత, రాజు, లత, ఉష, మహేశ్, అనిల్, దివ్య... ఒక్కరికీ కుదరలేదు. పేరు కుదిరిన వాళ్ళ సంబరం చూసి కుదరని వాళ్ళు నోటు పుస్తకాలు మూసేశారు. "సార్, 118 మూలకాలు ఉండి కూడా నా పేరుకు చాలవా?" అని కవిత నిలదీసింది.

నాకు రెండు విషయాలు కావాలి. కొన్ని పేర్లు ఎందుకు కుదురుతాయి, కొన్ని ఎందుకు కుదరవు? కుదరని పిల్లలకు అబద్ధం చెప్పకుండా ఏం చేయవచ్చు?

కాజీపేట_కిరణ్ · ఫిబ్రవరి 8, రాత్రి 9:52

సారూ, మంచి ఆట పట్టుకున్నారు. లెక్క ఇలా ఉంటుంది.

ఇంగ్లీషులో 26 అక్షరాలు. వాటిలో ఒంటరిగా గుర్తు కాగలిగినవి 14: బి, సి, ఎఫ్, హెచ్, ఐ, కె, ఎన్, ఓ, పి, ఎస్, యు, వి, డబ్ల్యు, వై. మిగతా పన్నెండింటికి తోడు ఉంటే తప్ప చోటు లేదు. అందులో జె, క్యు అనే రెండు అక్షరాలు ఏ గుర్తులోనూ, ఏ మూలనా కనబడవు. కాబట్టి రాజు, జ్యోతి, విజయ్, సుజాత, రాజేశ్ మొదటి చూపులోనే బయటికి.

మన పేర్లకు అసలు గండం ఎ అక్షరం. తెలుగు పేర్లు అచ్చులతో నిండి ఉంటాయి, అందులో ఎ మరీ ఎక్కువ. అది ఒంటరిగా గుర్తు కాదు. ముందు బి, సి, జి, ఎల్, ఎన్, పి, ఆర్, టి ఉంటే వాటితో జతకడుతుంది. లేదా తర్వాత సి, జి, ఎల్, ఎం, ఆర్, ఎస్, టి, యు వస్తే వాటితో కడుతుంది. అంటే మొత్తం పదహారు జతలు. 'కల్పన'లో మొదటి ఎ వెనక ఎల్ ఉంది కనుక బతికిపోయింది. 'కవిత'లో మొదటి ఎకు ముందు కె, వెనక వి. రెండూ పనికిరావు. మీ కవితకు రెండో అక్షరం దగ్గరే దారి మూసుకుపోయింది.

ఇదే కారణంతో కాకతీయ కూడా కుదరదు. కె తర్వాత ఎ, దాని తర్వాత మళ్ళీ కె.

మానుకోట_మహేశ్ · ఫిబ్రవరి 8, రాత్రి 10:05

ఎం అక్షరం సంగతి ఎవరూ ఎత్తరేమి? నా పేరు ఎం అక్షరంతో మొదలు, నా ఊరు మహబూబాబాదు (మా మానుకోటే) కూడా ఎం అక్షరంతోనే మొదలు. మాంగనీసు ఉంది, మెగ్నీషియం ఉంది, మాలిబ్డినం ఉంది, మూలకాల్లో ఎంకు కొదవ లేదు. అయినా ఒంటరి ఎం లేదు, ఎం పక్కన ఎ ఉన్న గుర్తూ లేదు. నరేశ్, సురేశ్, గణేశ్, రాకేశ్, హరీశ్, సతీశ్ అందరూ పాసు. నేనూ రమేశూ ఫెయిలు.

కాజీపేట_కిరణ్ · ఫిబ్రవరి 8, రాత్రి 10:11

మహేశన్నా, గణేశ్‌కు ఒకటి కాదు, రెండు దారులున్నాయి. గాలియం, నియాన్, గంధకం, హైడ్రోజన్ ఒకటి. గాలియం, నైట్రోజన్, ఐన్‌స్టీనియం, హైడ్రోజన్ రెండోది. పుండు మీద కారం చల్లడానికి కాదు, సమాచారం కోసం చెబుతున్నాను.

బాసర_అరుణ · ఫిబ్రవరి 9, ఉదయం 6:30

నా పేరు ఆర్గాన్, యురేనియం, సోడియం. ముందు ఆ గొప్ప చెప్పుకోనివ్వండి.

ఇప్పుడు అసలు విషయం. సరస్వతి అని రాసి చూడండి: గంధకం, ఆర్గాన్, ఆర్సెనిక్, టంగ్‌స్టన్, ఆస్టటీన్, హైడ్రోజన్, అయోడిన్. చదువుల తల్లి ఏడు మూలకాల్లో కూర్చుంది! ఊరి పేరుతో మాత్రం కొంచెం పేచీ ఉంది. ఇంగ్లీషులో చివర ఎ లేకుండా 'బాసర్' అని రాస్తే బేరియం, గంధకం, ఆర్గాన్. చివర ఎ తగిలిస్తే ఆ ఎకు జత దొరకదు. మా రైల్వే స్టేషను బోర్డు చివర ఎ లేకుండానే ఉంటుంది, కాబట్టి నాకు బెంగ లేదు.

కిరణ్ గారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. మన ఆడపిల్లల పేర్లు చాలావరకు ఎ అక్షరంతో ముగుస్తాయి. చివరి ఎకు వెనక ఎవరూ లేరు కనుక ముందున్న అక్షరంతోనే జత కట్టాలి. కల్పన, అరుణ, కరుణ ఎన్‌తో కట్టుకొని నిలిచారు. ఉష, స్నేహ, ప్రియాంక, సంధ్య, రమ, గిరిజ, కావ్య నిలవలేరు. పేరు ఐ అక్షరంతో ముగిస్తే బాధ లేదు. భారతి, పార్వతి, రేవతి, ఆరతి, స్వాతి, అందరూ కుదురుతారు. మా హాస్టలు గదిలో రాత్రంతా ఇదే పని.

హన్మకొండ_కెమిస్ట్రీ_మేడం · ఫిబ్రవరి 9, ఉదయం 8:15

ముప్పై ఏళ్ళు జూనియర్ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అరుణ చెప్పింది నిజం, కానీ 'త' దగ్గర ఆగి చూడాలి. మనం దక్షిణాదిలో 'త'కు టి పక్కన హెచ్ రాస్తాం. ఉత్తరాదివాళ్ళు ఒట్టి టి రాస్తారు. అక్కడే పేర్ల జాతకాలు మారిపోతాయి. హెచ్ లేకుండా లత అంటే లాంథనం, టాంటలం. సునీత అంటే గంధకం, యురేనియం, నికెల్, టాంటలం. సరిత, అర్పిత కూడా వస్తారు. హెచ్ పెట్టారా, చివరి ఎ ఒంటరైపోతుంది. 'తి' మాత్రం ఎలా రాసినా నిలుస్తుంది.

అయితే సారూ, పిల్లల పేరును బ్యాడ్జి కోసం మార్చవద్దు. ఆధార్ కార్డులో, పదో తరగతి మెమోలో ఎలా ఉందో అలాగే తీసుకోండి. స్పెల్లింగు ఒక అక్షరం తేడా వస్తే సర్టిఫికెట్ల దగ్గర ఎన్ని తిప్పలో మనకు తెలుసు. ఆటలో కూడా ఆ అలవాటు వద్దు.

యూసుఫ్_మండిబజార్ · ఫిబ్రవరి 9, ఉదయం 9:40

నా పేరులో జత గుర్తు ఒక్కటీ లేదు మేడం. ఇట్రియం, ఆక్సిజన్, యురేనియం, గంధకం, యురేనియం, ఫ్లోరిన్. ఆరు అక్షరాలు, ఆరు గుర్తులు. మా అన్న ఫారూఖ్ చివర క్యు రాస్తాడు, కనుక వాడికి కుదరలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి పోటీలో నన్ను గెలిచినవాడు, ఇవాళ ఇంట్లో ఒకటే నవ్వులు.

లక్నవరం_బోటు · ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:20

ఊళ్ళ సంగతి నేను చూసుకుంటాను. నిన్న రాత్రి మ్యాపు ముందు పెట్టుకొని కూర్చున్నాను.

వరంగల్ కుదరదు. డబ్ల్యుకు టంగ్‌స్టన్ ఉంది (ఆ లోహానికి వోల్ఫ్రం అని ఇంకో పేరు, గుర్తు దాన్నించి వచ్చింది), తర్వాత ఆర్గాన్, ఆ తర్వాత ఎ, ఎన్ దగ్గర బండి ఆగింది. ఓరుగల్లు అని రాస్తే ఆక్సిజన్, రుథీనియం, గాలియం దాకా వెళ్ళి ఎల్ దగ్గర పడిపోయింది. హనుమకొండ, కాజీపేట, నిజామాబాదు, నిర్మల్, సిద్దిపేట, ములుగు అన్నీ పాయె. జగిత్యాల, జనగామల్లో మొదటి అక్షరమే జె.

కుదిరినవి చూడండి.

సారు ఊరు పరకాల, ఇంగ్లీషులో రాసే తీరున: భాస్వరం, ఆర్గాన్, పొటాషియం, అల్యూమినియం.
పాఖాల: ప్రొటాక్టీనియం, పొటాషియం, హైడ్రోజన్, అల్యూమినియం.
మా లక్నవరం: లాంథనం, పొటాషియం, సోడియం, వనేడియం, ఆర్గాన్, అమెరీషియం.
కాళేశ్వరం: పొటాషియం, అల్యూమినియం, ఐన్‌స్టీనియం, హైడ్రోజన్, టంగ్‌స్టన్, ఆర్గాన్, అమెరీషియం.

ఇంకా ఉంది. కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలిసే ప్రాణహిత కూడా వస్తుంది: భాస్వరం, రేడియం, సోడియం, హైడ్రోజన్, అయోడిన్, టాంటలం. సంగమమూ ఉంది, ఉపనదీ ఉంది, గోదావరి మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది.

'వరం', 'శ్వరం' అని ముగిసే ఊళ్ళకు ఆర్గాన్, అమెరీషియం రెండూ పక్కపక్కన సరిగ్గా అమరుతాయి. 'పల్లి' (ఇంగ్లీషులో చివర వై రాస్తే), 'పేట', 'బాద్' అని ముగిసేవాటిని చూడనే అక్కర్లేదు. తెలంగాణలో ఆ మూడే ఎక్కువ కావడం మన ఖర్మ.

కాకతీయుల్లో గణపతి ఉన్నాడు, ప్రోలరాజుల్లో 'ప్రోల' ఉంది (ప్రసియోడిమియం, ఆక్సిజన్, లాంథనం). రుద్రమ, ప్రతాపరుద్రుడు ఇద్దరూ 'ద్ర' దగ్గర ఆగిపోయారు.

గోదావరిఖని_తాత · ఫిబ్రవరి 9, సాయంత్రం 5:00

బొగ్గు గనిలో పనిచేసినవాడిని, నాకు కర్బనం ఒక్కటి తెలిస్తే చాలనుకున్నాను. మనవరాలు మూలకాల పట్టిక ముందు పెట్టింది. దాన్ని తెలుగు చదివినట్టు చదువుతుంటే నాకు వేరే పేచీ వచ్చింది. రేడియం గుర్తును 'రా' అని చదివాను. పొలోనియం గుర్తును 'పో' అన్నాను. రెండూ ఎవరు కనుక్కున్నారు అంటే మేరీ క్యూరీ, పియేర్ క్యూరీ దంపతులేనట. రెండూ 1898లోనేనట. జూలైలో పో, డిసెంబరులో రా. ఏ ఇంట్లోనైనా మొగుడూ పెళ్ళాల వరస ఇంతే అనుకున్నాను.

నా, నీ, లా, లి, రే, నే, టి, కో, మో, లు... ఇవన్నీ ఉన్నాయి. తెలుగు అక్షరాలతోనే ఒక ఆట కట్టరాదూ?

పరకాల_సారు · ఫిబ్రవరి 9, రాత్రి 8:30

తాతా, 'రా, పో' రేపు పొద్దున్నే తరగతిలో చెబుతాను. ఇక జన్మలో వాళ్ళు పొలోనియం గుర్తు మరచిపోరు.

ఇంకో కథ మొదలైంది ఇక్కడ. పిల్లలు పేర్లకు బరువు లెక్కిస్తున్నారు. పేరులోని మూలకాల పరమాణు సంఖ్యలు కూడితే ఎవరిది ఎక్కువ అని పందెం. రవి 164. కల్పన 134. యూసుఫ్ భాయి, మీది 256, రెండు యురేనియాలు ఉన్నాయి మరి. సరస్వతి 280. కాళేశ్వరం 319. హరీశ్ అనే పిల్లవాడికి 89 వచ్చింది, వాడికి అది నచ్చలేదు.

అశోక్ విషయంలో గొడవ జరిగింది. ఆర్సెనిక్, హైడ్రోజన్, ఆక్సిజన్, పొటాషియం అంటే 61. మధ్యలో హెచ్, ఓ కలిపి హోల్మియం అనుకుంటే 119. పట్టికలో 119వ గడే లేదు! వాడు రెండోదే కావాలంటున్నాడు.

ఇంకో సందేహం. ఒక అబ్బాయి ఇంటర్నెట్‌లో ఏదో పరికరంలో కిరణ్ అని కొడితే కుదరదు అని వచ్చింది. బోర్డు మీద చేస్తే కుదిరింది. ఎందుకలా?

కాజీపేట_కిరణ్ · ఫిబ్రవరి 9, రాత్రి 9:25

నా పేరుకే ఎసరు పెట్టారన్నమాట! ఆ పరికరం రాసినవాళ్ళు తొందరపడ్డారు. రెండక్షరాల గుర్తు కనబడితే చాలు, ముందు దాన్నే తీసుకుంటూ పోయింది. కె తర్వాత ఐ, ఆర్ కనబడగానే ఇరిడియం అని పట్టుకుంది. ఇక మిగిలింది ఎ, ఎన్. దారి లేదు, కుదరదు అని చేతులెత్తేసింది. వెనక్కి వచ్చి అయోడిన్ ఒక్కటే తీసుకుంటే తర్వాత రేడియం, నైట్రోజన్ హాయిగా వస్తాయి: పొటాషియం, అయోడిన్, రేడియం, నైట్రోజన్. పోనీ ఎప్పుడూ ఒంటి అక్షరమే ముందు తీసుకుంటే? కృష్ణలో కె తీసుకోగానే ఆర్ ఒంటరై ఆగిపోతారు. కనుక ఏ ఒక్క పద్ధతినీ గుడ్డిగా నమ్మకూడదు.

పిల్లలకు కాగితం మీద చేయించండి. పేరు రాసి, అక్షరాల మధ్య ఖాళీల్లో అంకెలు వేయాలి. మొదటి అక్షరానికి ముందు 1 వేయండి. అంకె ఉన్న ప్రతి ఖాళీ నుంచి ఒక అక్షరం ముందుకు చూడండి, అది గుర్తయితే దాని తర్వాతి ఖాళీలో ఆ అంకెను కలపండి. రెండక్షరాలు ముందుకు చూడండి, గుర్తయితే అక్కడా కలపండి. ఇలా చివరిదాకా వెళ్తే, చివరి ఖాళీలో ఉన్న అంకె ఎన్ని రకాలుగా రాయవచ్చో చెబుతుంది. అక్కడ ఏమీ పడకపోతే పేరు కుదరనట్టు.

శ్రీనివాస్ చేసి చూడండి, 3 వస్తుంది. స్ట్రాన్షియం మొదట, వనేడియం, ఆర్సెనిక్ చివర మారవు. మధ్యలో ఐ, ఎన్, ఐ మూడక్షరాలను అయోడిన్, నికెల్ అనవచ్చు, ఇండియం, అయోడిన్ అనవచ్చు, లేదా అయోడిన్, నైట్రోజన్, అయోడిన్ అని విడివిడిగా రాయవచ్చు. బరువులు 175, 196, 207. కంప్యూటర్ కోర్సుల్లో ఇదే పద్ధతికి పెద్ద పేరు పెట్టి నేర్పుతారు. తొమ్మిదో తరగతి పిల్లలకు పెన్సిలు చాలు.

మానుకోట_మహేశ్ · ఫిబ్రవరి 9, రాత్రి 9:40

శ్రీనివాస్‌కు మూడు, గణేశ్‌కు రెండు, నాకు సున్నా. సారూ, మీ కవిత పక్షాన నేనూ నిలబడతాను. ఆర్గానిక్ కెమిస్ట్రీలో మిథైల్‌కు ఎం, ఇ అని రాస్తారు కదా? అది ఒప్పుకుంటే కనీసం రమేశ్ అయినా గట్టెక్కుతాడు: రేడియం, మిథైల్, గంధకం, హైడ్రోజన్.

హన్మకొండ_కెమిస్ట్రీ_మేడం · ఫిబ్రవరి 10, ఉదయం 7:50

మిథైల్ మూలకం కాదు నాయనా, ఒక కర్బనం, మూడు హైడ్రోజన్లున్న సమూహం. దాన్ని ఒప్పుకుంటే రేపు ఇథైల్, ఫినైల్ వస్తాయి, ఆట రూపం పోతుంది. ఒప్పుకోను.

కానీ నీ ఆక్రోశం వింటే నాకు ఒక సంగతి గుర్తొచ్చింది. ఈ గుర్తులు ఆకాశం నుంచి ఊడిపడలేదు. స్వీడన్ రసాయనశాస్త్రవేత్త బెర్జీలియస్ 1813, 1814 ప్రాంతంలో లాటిన్ పేర్ల మొదటి అక్షరాలతో ఈ పద్ధతి మొదలుపెట్టాడు. సోడియంకు నేట్రియం, పొటాషియంకు కాలియం, ఇనుముకు ఫెర్రం. ఆ తర్వాత గుర్తులు మారుతూనే వచ్చాయి. కనుక పేరు కుదరని పిల్లలకు 'మీకు లేదు' అనకండి, 'ఏ ఏడాది పట్టికలో ఉంది' అని వెతకండి. అబద్ధం చెప్పకూడదన్న మీ షరతుకూ అది సరిపోతుంది.

మొదట జె. జర్మన్లు అయోడిన్‌ను జెతో రాసేవారు. మెండలీవ్ 1869లో వేసిన మొదటి పట్టికలో కూడా అయోడిన్‌కు జె అనే ఉంది. అది తీసుకుంటే రాజు అంటే రేడియం, అయోడిన్, యురేనియం. రేడియం దొరికింది 1898లో, కనుక మెండలీవ్ పట్టిక అని కాకుండా పాత జర్మన్ పట్టిక అని రాయించండి.

రెండోది ఎ. కిరణ్ ఏ అక్షరాన్ని గండం అన్నాడో అదే. ఆర్గాన్‌కు 1957 వరకు గుర్తు ఒట్టి ఎ! ఆ ఏడు అంతర్జాతీయ రసాయన సమాఖ్య దాన్ని మార్చి పక్కన ఆర్ చేర్చింది. అప్పటిదాకా కవిత సుబ్బరంగా ఉండేది: పొటాషియం, ఆర్గాన్, వనేడియం, అయోడిన్, థోరియం, ఆర్గాన్. హెచ్ పెట్టి రాసిన లత: లాంథనం, థోరియం, ఆర్గాన్. అనిత కూడా వస్తుంది. కాకతీయ? పొటాషియం, ఆర్గాన్, పొటాషియం, ఆర్గాన్, టైటానియం, ఇట్రియం, ఆర్గాన్. మన కాకతీయ విశ్వవిద్యాలయం 1976లో వచ్చింది, పంతొమ్మిదేళ్ళు ఆలస్యం. వరంగల్ కూడా ఆ పట్టికలో దాదాపు గట్టెక్కుతుంది, ఆఖరి ఎల్ దగ్గర చెడింది.

మూడోది హెచ్, ఎ. 105వ మూలకాన్ని అమెరికన్లు 1970 నుంచి హానియం అనేవారు. 1997లో డుబ్నియం అని ఖాయం చేసేదాకా వాళ్ళ పుస్తకాల్లో హెచ్, ఎ గుర్తు ఉండేది. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఈ తగువు ఇంకా తేలలేదు. ఉష అంటే యురేనియం, గంధకం, హానియం. స్నేహ, ఆశ కూడా కుదురుతారు.

ఇక మహేశ్. 1925లో జర్మనీలో ఇడా టాకె, వాల్టర్ నొడాక్, ఒట్టో బెర్గ్ ఒకేసారి రెండు మూలకాలు కనుక్కున్నామని ప్రకటించారు. 75వది రీనియం, 43వది మసూరియం. రీనియం నిలిచింది. నరేశ్, సురేశ్‌ల మధ్యలో ఉన్నది అదే. మసూరియంను మరెవరూ నిర్ధారించలేకపోయారు. 1937లో ఇటలీలో పెరియె, సెగ్రె అదే గడిలోని మూలకాన్ని తయారైన రూపంలో పట్టుకున్నారు, అది టెక్నీషియం. కానీ ఈ నడుమ కాలపు పట్టికల్లో 43వ గడిలో మసూరియం అచ్చయింది. దాని గుర్తు ఎం, ఎ.

మసూరియం, హీలియం, గంధకం, హైడ్రోజన్. నీ పేరే.

మానుకోట_మహేశ్ · ఫిబ్రవరి 10, ఉదయం 8:02

మేడం, మీ పాదాలకు దండం. నిలబడని మూలకంతోనైనా నా పేరు నిలబడింది!

బాసర_అరుణ · ఫిబ్రవరి 10, ఉదయం 8:20

ఒకే ముగ్గురు మనుషులు, ఒకే ప్రకటన. సురేశ్ మూలకం ఉండిపోయింది, మహేశ్ మూలకం పోయింది. ఇది బ్యాడ్జి కాదు మేడం, గోడ మీద పెద్ద బొమ్మ వేయించాల్సిన కథ.

లక్నవరం_బోటు · ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 12:45

నేను ఇంకో వైపు వెతికాను. మూలకాలకు ఎవరి పేర్లు పెట్టారో ఆ పెద్దలకైనా కుదిరిందా అని. విజ్ఞాన దినోత్సవం ఎవరి ఆవిష్కరణ పేరిట జరుపుకొంటామో ఆ రామన్ కుదరరు, ఎం అడ్డు. మెండలీవ్ కుదరడు. ఐన్‌స్టీన్, క్యూరీ, నోబెల్, బోర్, ఫెర్మీ... వీళ్ళ పేర్ల మీద మూలకాలున్నాయి కానీ వీళ్ళ పేర్లు మూలకాలతో రావు. కోపర్నికస్ వస్తాడు: కోబాల్టు, భాస్వరం, ఎర్బియం, నికెల్, రాగి, గంధకం. లారెన్స్ వస్తాడు. మన దగ్గర ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు 1959లో శంకుస్థాపన చేసిన నెహ్రూ కూడా వస్తాడు: నియాన్, హైడ్రోజన్, రుథీనియం. కనుక మీ పిల్లలకు చెప్పండి, బయట ఉండిపోయినవాళ్ళది చిన్న జట్టు కాదు.

ఒక తమాషా. ఇనుము ఇంగ్లీషు పేరు ఇరిడియం, ఆక్సిజన్, నైట్రోజన్‌తో వస్తుంది. అందులో ఇనుము లేదు!

పరకాల_సారు · ఫిబ్రవరి 10, రాత్రి 9:00

మేడం, మీరు చెప్పిన దారి పట్టాను. రెండు రంగుల బ్యాడ్జిలు. ఇప్పటి పట్టికలో కుదిరితే తెల్లది. పాత గుర్తు కావలసి వస్తే పసుపుది, అడుగున ఆ గుర్తు ఎప్పటిదో రాస్తాం. కవిత బ్యాడ్జి మీద '1957కు ముందు' అని ఉంటుంది. తెల్లవాటికన్నా పసుపువాటికే గిరాకీ పెరిగింది, ఎవరైనా అడిగితే చెప్పడానికి కథ ఉంది కదా. ఇప్పుడు రవి కూడా తనకు పసుపుది కావాలంటున్నాడు.

అనిల్‌కు మాత్రం ఏ ఏడాదిలోనూ దొరకలేదు, చివరి ఎల్ ఒంటరి. వాడికి బరువులు కూడే బల్ల అప్పజెప్పాను. వాడు ఇప్పటికే అందరి పేర్లకూ రేటు కట్టేస్తున్నాడు.

ఇంకో ప్రశ్న తప్పక వస్తుంది. హరి అంటే హైడ్రోజన్, ఆర్గాన్, అయోడిన్. ఈ మూడూ కలిపితే నిజంగా ఏదైనా తయారవుతుందా అని అడుగుతున్నారు.

హన్మకొండ_కెమిస్ట్రీ_మేడం · ఫిబ్రవరి 10, రాత్రి 9:45

పేరులో పక్కపక్కన ఉన్నంత మాత్రాన కలవవు అని స్పష్టంగా చెప్పండి. ఇది అక్షరాల ఆట, సమ్మేళనాల సూత్రం కాదు. ఆర్గాన్ జడవాయువు, మామూలుగా దేనితోనూ కలవదు. అయితే హరి దగ్గర ఒక ముచ్చట ఉంది. 2000 సంవత్సరంలో ఫిన్లండ్‌లో హెల్సింకీ శాస్త్రవేత్తలు హైడ్రోజన్, ఆర్గాన్, ఫ్లోరిన్ మూడూ ఉన్న అణువును తయారుచేశారు. గడ్డకట్టిన ఆర్గాన్‌లో, అతి శీతలంలో మాత్రమే అది నిలిచింది, వేడెక్కితే విడిపోయింది. హరి పేరులో మొదటి రెండు మూలకాలూ అందులో ఉన్నాయి. మూడోది అయోడిన్ కాదు, దాని కుటుంబంలోనిదే అయిన ఫ్లోరిన్. అంతవరకే చెప్పండి, మించి చెప్పవద్దు.

మరో జాగ్రత్త. పిల్లలు ఆర్సెనిక్, పొలోనియం, యురేనియం అని ఉత్సాహంగా రాసుకుంటారు. ప్రతి బ్యాడ్జి వెనక ఆ మూలకం ఎక్కడ దొరుకుతుందో, ఏం చేస్తుందో ఒక్క వాక్యం రాయించండి. లేకపోతే స్టిక్కర్ల పండగే మిగులుతుంది.

కాజీపేట_కిరణ్ · ఫిబ్రవరి 11, ఉదయం 7:05

మేడం గారి పాత గుర్తులన్నీ వేసి రాత్రి మన జిల్లాల ఊళ్ళు మళ్ళీ వెతికాను. మహేశన్నా, కూర్చొని చదువు.

హైడ్రోజన్‌లో బరువైన రకం డ్యుటీరియం 1931లో దొరికింది, దానికి డి అనే గుర్తు ఉంది. మసూరియం 1937 దాకా పట్టికల్లో ఉంది. ఆర్గాన్ అప్పటికి ఒట్టి ఎ. అంటే 1930ల నడుమ కొన్నేళ్ళపాటు ఈ మూడూ ఒకేసారి వాడుకలో ఉన్నాయి. అప్పుడు మహబూబాబాదు: మసూరియం, హైడ్రోజన్, ఆర్గాన్, బోరాన్, యురేనియం, బోరాన్, ఆర్గాన్, బోరాన్, ఆర్గాన్, డ్యుటీరియం. పది గుర్తులు, తొమ్మిది ఒంటి గుర్తులే తగిలాయి కానీ మొదటిది జత, కనుక అక్షరాలు మొత్తం పదకొండు. ఎక్కడా ఆగలేదు! అదే లెక్కన ఆదిలాబాదు, ఆసిఫాబాదు కూడా వస్తాయి. నిజామాబాదు మాత్రం జెడ్ దగ్గర ఆగింది.

హన్మకొండ_కెమిస్ట్రీ_మేడం · ఫిబ్రవరి 11, ఉదయం 7:30

డ్యుటీరియం ఐసోటోపు, మూలకం కాదు. దానికి విడి గుర్తు వాడవచ్చని సమాఖ్య ఒప్పుకున్నా, గడి లేదు. మిథైల్‌ను గెంటి దీన్ని రానిస్తే రమేశ్ నన్ను ఏమంటాడు?

మానుకోట_మహేశ్ · ఫిబ్రవరి 11, ఉదయం 7:34

మేడం, రమేశ్ నా పక్కనే ఉన్నాడు. ఏమీ అననంటున్నాడు. మానుకోటకు ఒక్కదానికి అనుమతివ్వండి.

హన్మకొండ_కెమిస్ట్రీ_మేడం · ఫిబ్రవరి 11, ఉదయం 7:50

బ్యాడ్జి కాదు, గోడ పత్రిక మీద రాసుకోండి. కింద 'డ్యుటీరియం మూలకం కాదు' అని అంతే పెద్ద అక్షరాలతో ఉండాలి. 28న నేనే వచ్చి చూస్తాను.